బంతాట మేష్టారు

మా కడియం మొక్కలు ఎక్కడెక్కడికో పోతాయి. దూరాన ఎవరి పెరట్లోనో మామిడి కాస్తుంది. పండు తిన్నవారు చెట్టును మెచ్చుకుంటారు, చెట్టుగలవారిని మెచ్చుకుంటారు. అంటు కట్టినవాడి పేరు మాత్రం ఎవరూ అడగరు. చదువు చెప్పే మేష్టారి సంగతీ, ఆట నేర్పే మేష్టారి సంగతీ సరిగ్గా ఇంతే.

ఆస్ట్రేలియాలో మెల్బోర్న్ నగరం ఉంది. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతితో, చేతులూ కాళ్ళూ రెండింటితోనూ ఆడే వాళ్ళ సొంత ఆట. పేరుపడ్డ ఆటగాడు వయసు మళ్ళాక శిక్షకుడైతే, ఆడినవెన్ని, ఆడించి గెలిపించినవెన్ని అని లెక్కలు రాసి దాచుకుంటారు. ఆ మెల్బోర్న్‌లోనే 1956 ఒలింపిక్స్‌లో, మనకు తెలిసిన గుండ్రటి బంతి ఆటలో, మనవాళ్ళు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదనే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు. ఒక ఆసియా దేశం ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరడం అదే మొదలు. చివరకు నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టును తీర్చిదిద్దినది హైదరాబాదు బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీం.

రహీంగారు 1909లో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడారు. తరువాత పంతులుద్యోగంలో చేరి, వ్యాయామ విద్యలో కూడా శిక్షణ పొందారు. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు ఆయన చేతిలో పడింది. ఆ ఏడు మొదలు వరుసగా అయిదేళ్ళు రోవర్స్ కప్పు మరొకరి ముఖం చూడలేదు!

ఆయన పాఠం వింతగా ఉండేది. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే ఆడాలని పోటీలు పెట్టేవారు. బంతిని కాలికి అంటిపెట్టుకుని ఒంటరిగా పరుగెత్తకూడదని మరో పోటీ. అదేం ఆటండీ, అంటారేమో! చేతకాని కాలు చేతనైనదవుతుంది. బంతి అందిన వెంటనే పక్కవాడికి ఇవ్వడం అలవాటవుతుంది. పదకొండుమంది ఒక జట్టు కావడానికి ఇంతకంటె దగ్గర దారి ఏముంది?

అన్నీ గెలుపులే అనుకోకండి. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో మనం 10-1తో చిత్తయ్యాం. మనవాళ్ళలో చాలామంది ఉత్తికాళ్ళతోనే ఆడారు. మెల్బోర్న్ విజయం ఆ పరాభవం జరిగిన నాలుగేళ్ళకే వచ్చింది. నేర్పేవాడి గొప్ప ఓడిన మర్నాడు తెలుస్తుంది.

ఇక 1962, జకార్తా, ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. వెనుక కాపు కాసే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీంగారు అతణ్ణి కూర్చోబెట్టలేదు, ముందు వరుసలోకి పంపారు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్ళీ కొరియాయే ఎదురు. రాజకీయపు చికాకుల వల్ల మైదానమంతా మనవాళ్ళను గేలి చేస్తోంది. ఆ గోలలోనే పి.కె. బెనర్జీ ఒక గోలు, ఆ తలగాయం జర్నైల్ ఒక గోలు కొట్టారు. 2-1తో బంగారు పతకం మనదయింది.

అప్పటికే రహీంగారిని ఊపిరితిత్తుల కాన్సరు తినేస్తోంది. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు. 1970 బాంకాక్‌లో కంచు వచ్చింది; ఆ జట్టు నాయకుడు నయీముద్దీన్ కూడా హైదరాబాదు వాడే.

2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాక ఆయన పేరు మన పిల్లల చెవిన పడింది. సంతోషమే. కాని మన ఇళ్ళలో పిల్లవాడు బంతి పట్టుకుంటే చాలు, చదువు చట్టుబండలయిందంటాం. బళ్ళోనేమో పరీక్షలు దగ్గరపడితే ముందు ఎగిరిపోయేది ఆటల పీరియడే. రహీంగారు మాత్రం బడిలో పుట్టిన శిక్షకుడు. ఒలింపిక్స్ వచ్చినప్పుడల్లా మనకెన్ని పతకాలని లెక్కపెట్టుకుంటాం కదా, దానికి ముందు మీ వీధి బడిలో ఆటల మేష్టారు ఉన్నారో లేరో ఓసారి కనుక్కుని చూడండి.