గ్రంథాలయం పందెపు బరి కాదు

యేటా నవంబరు 14 నుంచి 20 దాకా రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారం రోజులూ బడిపిల్లలకు వ్యాసరచన, కథారచన, కవితారచన, వక్తృత్వం వగైరా పోటీలు పెడతారు. చివరినాడు సభ జరుగుతుంది. పెద్దలు మాట్లాడతారు. ముగ్గురు పిల్లలకు జ్ఞాపికలిస్తారు. మర్నాడు పత్రికలో ఫొటో పడుతుంది. పిల్లల్లో సృజనాత్మక శక్తిని ప్రోత్సహించే కార్యక్రమం అంతటితో ముగిసి, మళ్ళీ నవంబరు దాకా నిద్రపోతుంది.

ఈ పోటీలను ఎవరూ విమర్శించరు. పిల్లల చేత రాయించడం మంచి పనే గదా అనుకుంటారు. రాయించడం మంచి పనే. నా అభ్యంతరం దానికి కాదు. ప్రజల గ్రంథాలయం పోటీ పెట్టి రాయించడానికి నేను వ్యతిరేకిని. ఈ పద్ధతి పిల్లలకు రచన నేర్పడం లేదు. రచన తమ పని కాదని ఎక్కువమంది పిల్లలకు నేర్పుతున్నది. ఇంత మాట అన్నవాడి మీద దాన్ని నిరూపించే బాధ్యత కూడా ఉంటుంది.

ఉపాధ్యాయుణ్ణి గనక ఇటువంటి పోటీల్లో న్యాయనిర్ణేతగా కూర్చునే అవకాశం నాకు పలుమార్లు వచ్చింది. తెలంగాణలో ఒక జిల్లా గ్రంథాలయంలో హైస్కూలు పిల్లలకు "పుస్తకం నా నేస్తం" అన్న అంశం ఇచ్చారు. గంట వ్యవధి. మార్కుల పట్టీ ముందే తయారైంది: చేతిరాతకు 5, అక్షరదోషాలు లేనందుకు 5, విషయానికి 5, సూక్తులకూ ఉదాహరణలకూ 5, ముగింపుకు 5. రాసిన పిల్ల తనకు తెలిసిన సంగతి రాసిందా లేదా అన్నదానికి ఆ పట్టీలో గడి లేదు.

వచ్చిన కాగితాల్లో సగానికి సగం ఒకే రకంగా మొదలయ్యాయి. చిరిగిన చొక్కానూ మంచి పుస్తకాన్నీ ముడిపెట్టి చెప్పే ఆ పాత సూక్తి మనందరికీ తెలిసిందే. దాన్ని రాసిన పిల్లల్లో ఎక్కువమంది ప్రైవేటు బడుల బస్సుల్లో వచ్చినవాళ్ళు. మాస్టర్లు వ్యాసం రాసిచ్చి బట్టీ పెట్టించారు. వాళ్ళను నేను తప్పు పట్టను. పోటీకి పంపేవాడు గెలిచే ఉపాయం చెప్పే పంపుతాడు. చిరిగిన చొక్కాలు తొడుక్కుని వచ్చిన పిల్లలు మాత్రం ఆ సూక్తి రాయలేదు. అందులో మొదటి సగం వాళ్ళు ఆచరిస్తూనే ఉన్నారు. రెండో సగానికి డబ్బు లేదు.

హాస్టల్లో ఉండి చదువుకునే ఎనిమిదో తరగతి పిల్ల ఇలా రాసింది: "మా ఇంట్ల ఒక్కటే పుస్తకమున్నది. అది మా అవ్వ పొదుపు సంఘం పాసుబుక్కు. అవ్వకు సదువు రాదు. ఇంటికి పోయినప్పుడల్ల నేనే సదివి చెప్త. బాకీ ఎంతున్నదో మా నాయినకు తెల్వదు, నాకెరుక."

పుస్తకమనే వస్తువుకూ, చదువనే శక్తికీ, అప్పు అనే బంధానికీ ఉన్న సంబంధాన్ని ఆ పిల్ల అయిదు వాక్యాల్లో పట్టుకుంది. కథకుడెవడైనా దాని నుంచి నేర్చుకోవలసింది ఉంది. నా పక్కన కూర్చున్న న్యాయనిర్ణేత, "ఇది వ్యాసం కాదు మాస్టారూ, ఇంటి గొడవ. పైగా భాష గ్రామ్యం" అన్నారు. నేను వాదించాను. చివరకు ముగ్గురి మార్కులూ కూడి మూడుతో భాగించారు. ఆ పిల్లకు ప్రోత్సాహక బహుమతి కూడా రాలేదు. నెల తరవాత, మా బడి గోడపత్రికలో పెట్టుకుంటాం, ఆ కాగితం ఇప్పించండి అని అడిగాను. పోటీ కాగితాలన్నీ పాత పత్రికలతో కలిపి తూకానికి అమ్మేశామన్నారు.

ఇది ఒక ఉద్యోగి నిర్లక్ష్యమైతే వ్యాసం రాయవలసిన పని లేదు. పోటీ అన్నాక దాని ధర్మమే అది. ముగ్గుర్ని ఏరిన మరుక్షణం మిగిలిన కాగితాలకు విలువ పోతుంది. గెలిచిన కాగితాల గతీ అంతే. జ్ఞాపిక పిల్లవాడి ఇంటికి పోతుంది, రచన చిత్తుకాగితాల కొట్టుకు పోతుంది. అంటే ఈ తతంగంలో ఎవరికీ అక్కర్లేని వస్తువు ఒక్కటే, రచన.

"గ్రామ్యం" అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. తెలంగాణలో సెప్టెంబరు 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటారు. బతికిన ప్రజల భాషే భాష అని ఆ రెండు రోజులూ ఉపన్యాసాలిస్తాం. నవంబరు వచ్చేసరికి అదే ప్రజల పిల్ల "ఎరుక" అని రాస్తే ఎర్రసిరాతో సున్న చుడతాం. వ్యావహారికం గెలిచిందని మనం చంకలు గుద్దుకోనక్కర్లేదు. గెలిచింది చదువుకున్న కుటుంబాల వ్యావహారికం. కూలివాడి వ్యావహారికం ఇప్పటికీ పరీక్ష తప్పుతూనే ఉంది.

గ్రంథాలయం అంటే ఏమిటో మరచిపోతే తప్ప ఇటువంటి పని చెయ్యలేం. పరీక్షాధికారి ఏరతాడు. ప్రచురణకర్త కూడా, తన లాభనష్టాలు చూసుకుని, ఏరతాడు. గ్రంథాలయం పని వేరు. దాచిపెట్టడం, వరుసలో పెట్టడం, అడిగినవాడికి అడ్డులేకుండా అందించడం. మన గ్రంథాలయోద్యమ చరిత్రంతా ఇదే చెబుతుంది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం పెట్టినవారు తమ భాషకు రాజ్యంలో చోటు లేనప్పుడు పుస్తకాల బీరువాలో దానికి చోటిచ్చారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపినవారు ఊరూరికీ పుస్తకం చేరాలన్నారు. 1935లో గుంటూరు జిల్లా పెదపాలెంలో పాతూరి నాగభూషణం ప్రభృతులు కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాలు మోసుకుని ఊళ్ళు తిరిగాడు. చదివేవాడు అర్హుడా కాదా అని పడవ ఎక్కేముందు పరీక్ష పెట్టలేదు వాళ్ళు.

ఇక డబ్బు సంగతి. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వారసత్వంగా ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు వసూలవుతున్నది. ఆ వసూలైన సొమ్మును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు జమ చెయ్యకుండా బకాయి పెట్టడం పాత జబ్బు. ఎంత చిన్నదైనా ఆ పాసుబుక్కు ఇంటి మీద కూడా ఈ సెస్సు పడుతుంది. ఆ ఇంటి పిల్ల రాసిన కాగితానికి గ్రంథాలయంలో అరంగుళం చోటు లేదనడం అన్యాయమే గాక, లెక్కల ప్రకారం చూసినా తప్పు.

పోటీ లేకపోతే పిల్లలు రాయరు అనేవాళ్ళున్నారు. రాయడానికి కారణం ఉంటే మనుషులు రాస్తారు. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు సమాధానంగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో గోలకొండ కవుల సంచిక ప్రకటించాడు. 354 మంది కవులు అందులోకి వచ్చారు. ప్రథమ బహుమతి ఆశ చూపి వారిని పిలవలేదు. మేమున్నాం అని రుజువు చేసుకోవలసిన అవసరం వారిని పిలిచింది. ఆ సంచికలోని పద్యాలన్నీ ఉత్తమమైనవని ఎవరూ అనరు. కాని ముగ్గుర్ని ఏరి తక్కినవారిని తూకానికి అమ్మి ఉంటే ఇవాళ ఆ చరిత్రే మనకు లేదు.

పెద్దల సంగతి వేరు, పిల్లల సంగతి వేరు అంటారా? సోవియట్ ఉత్తర ధ్రువ ప్రాంతంలో ఇగార్కా అనే ఊరుంది. అక్కడి బడిపిల్లలు తమ ఊరి గురించి పుస్తకం రాస్తామని గోర్కీకి ఉత్తరం రాశారు. 1936లో ఆయన వారికి జవాబు రాసి, ఏమేమి రాయవచ్చో సూచించాడు. ఆ యేడే ఆయన చనిపోయినా పని ఆగలేదు. మార్షాక్ తోడ్పాటుతో 1938లో "మేము ఇగార్కా వాళ్ళం" అనే పుస్తకం అచ్చయింది. పిల్లలు తమ బతుకును సమష్టిగా రాయగలరనడానికి అది సాక్ష్యం. దానికి రెండో వైపు కూడా దాచకుండా చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో ప్రవాసానికి పంపబడిన రైతు కుటుంబాలు అనేకం ఉండేవి. ఆ సంగతి పుస్తకంలోకి రాలేదు. పిల్లలకు తెలియక కాదు, రాయగూడదు గనక. బహుమతి తీసేసినంత మాత్రాన పిల్లవాడి గొంతు విప్పినట్టు కాదు. ఏ విషయం రాయాలో, ఏది రాయగూడదో పెద్దలే నిర్ణయించినంతకాలం పిల్లవాడి చేతిలో కలం పెద్దలదే.

ఈ మాట మన శిబిరానికి కూడా వర్తిస్తుంది. అభ్యుదయ సంఘాల పేరిట జరిగే పోటీల్లో అంశాలు మారతాయి, పద్ధతి మారదు. అక్కడ "పుస్తకం నా నేస్తం" అయితే ఇక్కడ "సమసమాజం". పిల్లవాడు చివరి పేరాలో ఎర్రసూర్యుణ్ణి ఉదయింపజేస్తే మార్కులు పడతాయి. బూర్జువా సూక్తిని తీసేసి మన సూక్తిని బట్టీ పెట్టించడం అభ్యుదయం కాదు. తన ఇంటి బాకీ తనకెరుక అని రాసిన పిల్ల మన నినాదాలు వల్లించిన పిల్లకన్న వాస్తవికతకు దగ్గరగా ఉంది.

పోటీ తటస్థమైన పద్ధతి అనుకోవడం కూడా భ్రమే. ఇవాళ ఏ పట్టణ గ్రంథాలయానికి పోయినా ఉద్యోగ పరీక్షలకు చదివే యువకులతో కుర్చీలు నిండి ఉంటాయి. ఇంట్లో చదువుకునే చోటు లేనివారికి గ్రంథాలయం నీడనివ్వడం మంచిదే. తప్పు వారిది కాదు, కొద్ది ఉద్యోగాలకు లక్షలమందిని పరుగెత్తించే వ్యవస్థది. కాని ఆ పరుగునే అన్నల దగ్గర నుంచి తెచ్చి పన్నెండేళ్ళ తమ్ముళ్ళకు కథ పేరుతో, కవిత పేరుతో అంటగట్టడం దేనికి? ఓడినవాడి ఓటమికి వాడి తెలివితక్కువే కారణమని నమ్మించడం ఈ వ్యవస్థకు అవసరం. గ్రంథాలయానికి అవసరం లేదు.

మరేం చెయ్యాలి? చెయ్యవలసింది కష్టమైనదీ కాదు, ఖర్చుతో కూడినదీ కాదు. వారోత్సవాల్లో పిల్లల చేత రాయించండి. అంశం వాళ్ళనే ఎంచుకోనివ్వండి. వాళ్ళ ఇంటి మాటలోనే రాయనివ్వండి. వచ్చిన ప్రతి కాగితాన్నీ కుట్టించి, అట్ట వేయించి, ఇతర పుస్తకాలకు వేసినట్టే నంబరు వేసి, పిల్లల విభాగంలో బీరువాలో పెట్టండి. రాసిన పిల్లలు అనుమతిస్తేనే పేరు వెయ్యండి. ఇంటి సంగతులు రాసినవాళ్ళకు ఆ రక్షణ కావాలి. జ్ఞాపికలకూ శాలువాలకూ అయ్యే డబ్బుతో పిల్లల పుస్తకాలు కొనండి. కొందరు ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులు తమ పిల్లల కథలను సొంత డబ్బుతో సంకలనాలుగా అచ్చు వేస్తున్నారు. వాటిని ప్రతి శాఖా గ్రంథాలయానికీ కొనండి. ఒక ఊరి పిల్ల రాసింది మరో ఊరి పిల్ల చదివిననాడు, రాయడం అనేది ఎక్కడో పుట్టిన గొప్పవాళ్ళు చేసే పని కాదని ఇద్దరికీ అర్థమవుతుంది. దానికి మించిన ప్రోత్సాహం ఏ జ్ఞాపికా ఇవ్వలేదు.

ఈ పని ప్రభుత్వం దానంతటది చేస్తుందని నేననుకోను. ఉపాధ్యాయులు న్యాయనిర్ణేతలుగా కూర్చోమని పిలిచినప్పుడు మార్కుల పట్టీ పక్కన పెట్టి, కాగితాలు దాచమని పట్టుబట్టాలి. విద్యార్థి సంఘాలు సెస్సు బకాయిల లెక్క అడిగినప్పుడు ఈ కాగితాల లెక్క కూడా అడగాలి. ఎన్ని రాయించారు, ఎన్ని బీరువాలో ఉన్నాయి? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని గ్రంథాలయానికి పిల్లల సృజన గురించి సభ పెట్టే హక్కు లేదు.