ఎనభై ఆరవ అంతస్తు మీద



గత వేసవిలో మేమిద్దరము న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది ఇంటికి వెళ్లాము. "బావగారూ, ఇంత దూరం వచ్చి ఎంపైర్ స్టేట్ భవనం ఎక్కకుండా వెళితే ఎలా?" అని అతడు మమ్మల్ని రైలులో న్యూయార్కు తీసుకొనివెళ్లాడు. టికెట్టు ఒక్కొక్కరికి మన లెక్కలో మూడు వేల రూపాయలు దాటింది. "కూలికి వెళ్లేవారికి అది వారం రోజుల కష్టం కదా!" అన్నది మా ఇంటావిడ. ఆ మాట మాతోపాటే పైకి వచ్చింది.

లిఫ్టు ఎక్కితే ఒక్క నిమిషంలో ఎనభైవ అంతస్తు. చెవులు దిబ్బళ్లు పడ్డాయి. ఎనభై ఆరవ అంతస్తులో ఆరుబయట నిలబడి చూడవచ్చును. ఎత్తు 1,050 అడుగులు. అయిదు చార్మినార్లు ఒకదానిపై ఒకటి పెట్టినా అంత ఎత్తు రాదు. పడమట హడ్సన్ నది, ఉత్తరాన పచ్చని చాపవలె సెంట్రల్ పార్కు, దక్షిణాన దూరంగా సముద్రము కనబడ్డాయి. వీధిలో కార్లు పురుగులవలె కదులుతున్నాయి. మనుష్యులు మాత్రం ఆనలేదు.

ఆ మనుష్యులను మేము ఎక్కకముందే కింద ఫొటోలలో చూశాము. 1930 మార్చి 17న పని మొదలుపెట్టి, 1931 మే 1న భవనము ప్రారంభించారు. 102 అంతస్తులు, సుమారు 410 రోజులు! 1929లో వచ్చిన ఆర్థిక మాంద్యము వలన పని దొరకడమే గగనమైన రోజులవి. ఒక్కో రోజు మూడు వేల మందికి పైగా పనిచేశారు. యూరప్ నుండి వలస వచ్చినవారు, మోహాక్ అనే ఆదివాసులు వారిలో ఉన్నారు. ఇనుప దూలాలను బిగించే రివెట్ల పనికి నలుగురేసి ఒక జట్టు. ఒకడు రివెట్టును ఎర్రగా కాల్చి పట్టకారుతో విసిరితే, రెండవవాడు దానిని డబ్బాలో పట్టేవాడు. మూడవవాడు ఒకవైపు అదిమి పట్టగా, నాలుగవవాడు గాలి సుత్తితో కొట్టేవాడు. ఇప్పటి రక్షణ పట్టీలు వారికి లేవు. ఆ పనిలో ప్రాణాలు పోగొట్టుకొన్నవారూ ఉన్నారు.

ఆ ఫొటోలు తలచుకొనగా మా ఊరి మందిరము జ్ఞాపకము వచ్చింది. అది కట్టినప్పుడు సరుగుడు కర్రల మీద నుండి జారిపడి తాపీ మేస్త్రీ కాలు విరిగింది. ప్రతిష్ఠ దినమున దాతలకు శాలువాలు కప్పాము, వారి పేర్లు రాతి మీద చెక్కించాము. మేస్త్రీని పిలవడం మరచాము. ఆ తప్పు మాదే.

ఊరు చేరిన మరునాడే అతని ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాము. అతడు కొంచెంసేపు తల వంచుకొన్నాడు. తరువాత, "అయ్యగారూ, అంత ఎత్తుకు ఇటుకలు ఎలా మోశారండీ?" అన్నాడు. కోటి ఇటుకలు పట్టాయనీ, బండ్లలో నింపి యంత్రముతో పైకి లాగేవారనీ, ప్రతి అంతస్తులో చిన్న పట్టాలు వేసి ఆ బండ్లను నెట్టేవారనీ చెప్పాము.

"మనకీ అలాంటివి ఉంటే తట్టలు మోసే ఆడవాళ్లకు మెడనొప్పులు ఉండవండీ" అన్నాడు. తన కాలి సంగతి మాత్రం ఎత్తలేదు.

ప్రియులారా, మీ ఇల్లు కట్టిన మేస్త్రీ పేరు మీకు తెలుసా? తట్టలు మోసిన అమ్మ పేరు? తెలియకపోతే ఈ వారమే అడిగి తెలుసుకోండి. ఇది మేము ఆలస్యంగా నేర్చుకొన్న పాఠము.