పనిమంతురాలికి పనే బహుమానమా?

ఏ ఆఫీసుకైనా వెళ్ళి చూడండి. బ్యాంకు కానివ్వండి, స్కూలు కానివ్వండి, సర్కారు కచేరీ కానివ్వండి - ఇలాంటి ఆవిడ ఒకరు తప్పకుండా ఉంటారు. వేళకి వస్తుంది. ఏ కాగితం ఏ బీరువాలో ఉందో ఆవిడకే తెలుసు. పై అధికారి సంతకం పెట్టేముందు "ఆవిడ చూశారా?" అని అడుగుతాడు. చూశారంటే చాలు, కళ్ళు మూసుకుని పెట్టేస్తాడు. ఆవిడ నాలుగు రోజులు సెలవు పెడితే ఆఫీసుకే జ్వరం వచ్చినట్టు ఉంటుంది.

మరి ఇంతటి మనిషిని ఆ అధికారి కుర్చీలో ఎందుకు కూర్చోపెట్టరూ? అడిగి చూడండి, సమాధానం సిద్ధంగా ఉంటుంది. "అమ్మో, ఆవిణ్ణి అక్కణ్ణించి కదిపితే ఇక్కడి పని ఎవరు చేస్తారండీ?"

విన్నారుగా! పని సరిగా చెయ్యడమే ఆవిడ చేసిన నేరం. పక్కసీటులో రోజుకి నాలుగుసార్లు కాఫీకి వెళ్ళొచ్చే పెద్దమనిషిని కదిపితే ఎవరికీ ఏ లోటూ రాదు కనుక, ఆయన్ని హాయిగా పైకి పంపేస్తారు. దున్నే ఎద్దునే పొడుస్తారని మనవాళ్ళు ఊరికే అన్నారా?

శ్రద్ధ అనేది నాయకత్వానికి పనికిరాని గుణమైతే పోనీలే అనుకోవచ్చు. కాని అది నిజం కాదు. మనస్తత్వ శాస్త్రజ్ఞులు మనిషి స్వభావాన్ని అయిదు ముఖ్యగుణాలుగా విడదీసి చూస్తారు. చేపట్టిన పనిని క్రమంగా, వేళకి, ఎవరూ చూడకపోయినా సరే పూర్తిచేసే గుణం అందులో ఒకటి. 2002లో తిమోతీ జడ్జ్ అనే అమెరికన్ ప్రొఫెసరూ, ఆయన సహచరులూ నాయకత్వం మీద అంతకుముందు జరిగిన పరిశోధనలన్నీ పోగుచేసి లెక్కకట్టారు. నలుగురిలో చొరవగా కలిసిపోయే గుణం మొదట నిలిచింది. దాని వెన్నంటే నిలిచింది శ్రద్ధ! అంటే శాస్త్రం ప్రకారం చూసినా మన ఆవిడ ఆ కుర్చీకి అర్హురాలే. అయినా మగవాడిలో శ్రద్ధ కనిపిస్తే "పైకొచ్చే మనిషి" అంటారు. ఆడదానిలో కనిపిస్తే "పాపం, నమ్మకస్తురాలు" అంటారు. ఆ "పాపం" ఎందుకో ఎవరైనా చెప్పగలరా?

"ఆడవాళ్ళకి ఒద్దికగా పని చెయ్యడం పుట్టుకతోనే వస్తుందండీ" అని కొందరు మగమహారాజులు తేనె పూస్తారు. ఈ మాటని తేల్చే ప్రయోగం ఒకటి అమెరికాలో జరిగింది. లిండా బాబ్‌కాక్, లీజ్ వెస్టర్‌లండ్ అనే ఇద్దరు ప్రొఫెసరమ్మలు మరి ఇద్దరితో కలిసి చేసి, 2017లో ప్రకటించారు. ముగ్గురేసి మనుషుల్ని ఒక జట్టుగా చేస్తారు. రెండు నిమిషాల్లోగా ఎవరో ఒకరు మీట నొక్కాలి. నొక్కిన వాళ్ళకి డాలరుంపావు, ఊరుకున్న ఇద్దరికీ చెరి రెండు డాలర్లు. ఎవరూ నొక్కకపోతే అందరికీ తలో డాలరే. అంటే ఎవరో ఒకరు నష్టపడితే తప్ప పని జరగదు. ఆడా మగా కలిసి ఉన్న జట్లలో మగవాళ్ళకంటే ఆడవాళ్ళు 48 శాతం ఎక్కువగా మీట నొక్కారు. ఇంతవరకూ మనకి తెలిసిన కథే. తమాషా ఆ తర్వాతది. అందరూ ఆడవాళ్ళే ఉన్న జట్లూ, అందరూ మగవాళ్ళే ఉన్న జట్లూ పెట్టి చూస్తే తేడా మాయమైపోయింది! పక్కన ఆడది లేకపోతే మగవాడూ చక్కగా మీట నొక్కాడు.

పుట్టుకతో వచ్చే గుణమైతే పక్కన ఎవరున్నారో చూసుకుని వస్తుందా, పోతుందా? మీరే చెప్పండి.

ఇంకో ప్రయోగంలో నాలుగో మనిషిని పెట్టి, "మీట నొక్కమని ముగ్గురిలో ఒకరిని అడుగు" అన్నారు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళనే 44 శాతం ఎక్కువగా అడిగారు. అడిగినవాళ్ళలో ఆడవాళ్ళు కూడా ఉన్నారు సుమండీ! అడిగితే ఆడవాళ్ళు 76 శాతం సార్లు సరేనన్నారు. మగవాళ్ళు 51 శాతమే. మన ఆఫీసుల్లో రిటైరయ్యే వాళ్ళకి వీడ్కోలు చందా వసూలు చెయ్యడం, మీటింగులో ఎవరేమన్నారో రాసిపెట్టడం, కొత్తగా చేరిన కుర్రాడికి పని నేర్పడం ఎవరి నెత్తిన పడతాయో ఆలోచించండి. వాటిలో ఒక్కటైనా ప్రమోషను వేళ లెక్కలోకి వస్తుందా?

ఇక రెండో వాదన. "ఆడవాళ్ళు చిల్లర విషయాలు పట్టుకు వేలాడతారు. పెద్ద విషయం చూడలేరు" అంటారు. చిల్లర విషయాలన్నీ ఏళ్ళ తరబడి ఆవిడ చేతిలోనే పెట్టి, పెద్ద విషయం ఒక్కనాడు కూడా చూపించకుండా, చూడలేదని నింద! ఇదెక్కడి న్యాయం?

అయితే ఇందులో మనం ఆలోచించుకోవలసింది కూడా ఉంది. కుర్చీ దక్కాక కొందరు అందరి ఉత్తరాలూ మళ్ళీ తామే తిరగరాస్తారు. ఫైళ్ళు ఇంటికి మోసుకుపోతారు. కిందివాళ్ళు చేతులు కట్టుకు కూర్చుంటారు. ఇలాంటి మగ ఆఫీసర్లకీ కొదవ లేదు. గుమాస్తా శ్రద్ధ తన పని తాను చెయ్యడంలో ఉంటే, నాయకుడి శ్రద్ధ పని పంచి ఇవ్వడంలోనూ, తప్పు తన మీద వేసుకోవడంలోనూ ఉంది.

దీనికి మన శ్రీహరికోటలోనే మంచి ఉదాహరణ ఉంది. 1979 ఆగస్టు 10న ఎస్సెల్వీ-3 రాకెట్టు బంగాళాఖాతంలో పడిపోయింది. దాని బాధ్యుడు అబ్దుల్ కలాం. కాని ఆనాడు పత్రికలవాళ్ళ ముందుకొచ్చి జవాబు చెప్పింది సంస్థ అధ్యక్షుడు సతీష్ ధావన్. మర్నాటి ఏడాది జూలై 18న అదే రాకెట్టు జయప్రదంగా ఎగిరినప్పుడు మాత్రం "నువ్వెళ్ళి మాట్లాడు" అని కలాంని పంపించాడు. కలాం స్వయంగా ఎన్నోచోట్ల చెప్పుకున్న సంగతి ఇది. మన ఆఫీసుల్లో ఎక్కువగా జరిగేది ఇందుకు సరిగ్గా తలకిందులు. జయం అధికారిది, తప్పు గుమాస్తాది.

ఎదుటివాడి తప్పుకి తాను జవాబు చెప్పడం, తన కష్టం ఎదుటివాడి పేరున చెల్లిపోతే ఊరుకోవడం - ఇవి ఇంట్లోనూ, ఆఫీసులోనూ ఆడవాళ్ళు రోజూ చేస్తూనే ఉన్నారు. కుర్చీలో కూర్చున్నవాడు చేస్తే అది గొప్పతనం. కుర్చీ లేనిది చేస్తే అది అలవాటు కింద జమ!

శ్రద్ధ మానెయ్యమని నేను చెప్పను. అది మన ఆస్తి, ఎవరి మీదో కోపంతో పారేసుకోవడం దేనికి? కాని ఆస్తికి అద్దె అడగడం తప్పు కాదు. ఈసారి చందాల పుస్తకం మీ చేతిలో పెట్టబోతే, నవ్వుతూనే "పోయినసారి నేను చేశాను, ఇప్పుడు వంతు ఎవరిది?" అనండి. "మీరు లేకపోతే ఈ సీటు నడవదండీ" అని మెచ్చుకుంటే మురిసిపోకండి. "అయితే ఇంకొకరికి నేర్పుతాను, నన్ను పై సీటుకి పంపండి" అని కాగితం మీద రాసి ఇవ్వండి.

నోరు గలవాడిదే రాజ్యం అంటారు. పని తెలిసినవాళ్ళకి నోరు ఉండకూడదని ఎవరూ అనలేదుగా!