‘కెపాసిటీ’ మాటున మరపు

తెలుగునాట కాలేజీ హాస్టళ్లలో ‘కెపాసిటీ’ అన్న మాటకు ఒక ప్రత్యేకమైన మర్యాద ఉంది. నాలుగు పెగ్గులు పడినా తూలకుండా నిలబడి, మాట తడబడకుండా కబుర్లు చెబుతూ, పడిపోయిన పక్కవాణ్ణి రెక్క పట్టుకుని గదికి చేర్చగల కుర్రవాడికి ఆ మర్యాద దక్కుతుంది. రెండో పెగ్గుకే కునికిపాట్లు పడేవాడు మర్నాడంతా నవ్వులపాలవుతాడు. గత మూడు దశాబ్దాల నాడీశాస్త్ర పరిశోధనను పక్కన పెట్టుకుని చూస్తే ఈ కొలమానం తలకిందులుగా ఉందని చెప్పక తప్పదు. కౌమారదశలోని మెదడు మద్యం తెచ్చే తూలుడునూ నిద్రమత్తునూ పెద్దల మెదడు కంటే బాగా తట్టుకుంటుంది గాని, జ్ఞాపకాన్ని ముద్రించుకునే పనిలో మాత్రం అదే మద్యానికి పెద్దల కంటే త్వరగా లొంగిపోతుందని ప్రయోగశాలలు చెబుతున్నాయి.

ఎంత తాగితే ‘బింజ్ డ్రింకింగ్’ అనాలన్న ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పే అంకె చాలామంది ఊహించేదానికంటే చిన్నది. ఒక్క సందర్భంలో 60 గ్రాములు, ఆపైన స్వచ్ఛమైన ఆల్కహాలు లోపలికి పోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని అతిగా తాగడంగానే లెక్కిస్తుంది. ఈ అంకెను వైన్ షాపు కౌంటరు మీదికి తెచ్చి చూస్తే సంగతి తేటపడుతుంది. మన దగ్గర అమ్మే విస్కీ, బ్రాందీ సీసాల మీద సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు అని ముద్రించి ఉంటుంది; 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాలో ఆ లెక్కన 77 మిల్లీలీటర్ల ఆల్కహాలు ఉంటుంది; ఆల్కహాలు నీటికంటే తేలిక గనుక దాని బరువు సుమారు 61 గ్రాములు. అంటే ‘క్వార్టరే కదా’ అని తేలిగ్గా తీసేసే ఆ చదునైన చిన్న సీసా ఒక్క సిట్టింగ్‌లో ఖాళీ అయిందంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత దాటినట్టే. ‘బీరే కదా’ అన్న మాటదీ ఇదే కథ: 8 శాతం దాకా ఆల్కహాలు ఉండే స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా ఒక్కొక్కటి 41 గ్రాముల వరకు మోసుకొస్తుంది. ఇవి పెద్దల శరీరానికి వేసిన కొలతలు. పిల్లల శరీర బరువునూ, అందులోని నీటి పాలునూ లెక్కలోకి తీసుకుని 2009లో అమెరికాలో వేసిన అంచనా ప్రకారం, 17 ఏళ్ల లోపు ఆడపిల్లల విషయంలో 14 గ్రాముల చొప్పున మూడు ప్రమాణాలకే, అంటే 42 గ్రాములకే, రక్తంలో ఆల్కహాలు బింజ్ స్థాయికి చేరుతుంది. అది దాదాపు ఒక్క స్ట్రాంగ్ బీరు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదన్న నిబంధన ఉన్న మాట నిజమే. అది కౌంటరు దాకా ఎంత చేరుతుందో పాఠకులకు తెలియనిది కాదు.

జ్ఞాపకం ఎక్కడ దెబ్బ తింటుందో తెలుసుకోవాలంటే, చెవులకు కొంచెం పైగా, మెదడు లోతట్టున రెండు పక్కలా ఒదిగి ఉండే హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి. సముద్రపు గుర్రాన్ని పోలిన దాని వంపును చూసి 16వ శతాబ్దపు ఇటలీ శరీరశాస్త్రవేత్త అరాంజియో దానికి ఆ పేరు పెట్టాడు. దాని అసలు పని తెలియడానికి 1953 దాకా ఆగవలసి వచ్చింది. ఆ సంవత్సరం అమెరికాలో మూర్ఛరోగం తగ్గించడానికి హెన్రీ మోలిసన్ అనే యువకుడికి శస్త్రచికిత్స చేసి రెండు వైపులా ఈ భాగాన్ని చాలావరకు తొలగించగా, అతడు చక్కగా సంభాషించగలిగినా, పాత విషయాలు చాలా చెప్పగలిగినా, కొన్ని నిమిషాల క్రితం పలకరించి వెళ్లిన మనిషిని మళ్లీ కొత్తగానే చూసేవాడు. కొత్త అనుభవం నిలవాలంటే హిప్పోక్యాంపస్‌లోని నాడీకణాల మధ్య కలయికలు బలపడాలి; 1973లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో కుందేళ్ల మెదళ్లలో మొదటిసారి సవివరంగా నమోదు చేసిన ఈ ప్రక్రియను దీర్ఘకాలిక బలవర్ధనం అనవచ్చు. ఇందులో ముఖ్యపాత్ర ఎన్‌ఎండీఏ గ్రాహకానిది. అది రెండు తాళాలున్న తలుపు వంటిది: పక్క కణం గ్లుటమేట్ అనే రసాయనంతో తట్టాలి, అదే సమయంలో ఈ కణం తానుగా ఉత్తేజితమై ఉండాలి, రెండూ కలిసినప్పుడే తలుపు తెరుచుకుని కాల్షియం లోపలికి వస్తుంది, ముద్ర పడుతుంది. ఆల్కహాలు ఈ తలుపును బిగబట్టి ఉంచుతుందని 1989లో తేలింది. అది చాలదన్నట్టు, మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం బలాన్ని కూడా అది పెంచుతుంది.

అందువల్లనే ‘రాత్రి ఏం జరిగిందో గుర్తులేదు’ అనే మాటను మరపు అనడం కన్నా ముద్ర పడకపోవడం అనడం సరైనది. వైద్యులు బ్లాకవుట్ అనే ఈ స్థితికీ, స్పృహ తప్పి పడిపోవడానికీ ఉన్న భేదాన్ని మన వాడుక భాష సరిగ్గా పట్టుకోలేదు. రెంటినీ కలిపి ‘ఔట్ అయిపోయాడు’ అనేస్తారు. బ్లాకవుట్‌లో ఉన్న మనిషి ఔట్ అయినట్టు కనబడడు: నడుస్తాడు, వాదిస్తాడు, ఫోన్ చేస్తాడు, బండి తాళం తిప్పి నడిపించుకుపోతాడు. 1970 ప్రాంతంలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో డొనాల్డ్ గుడ్‌విన్ అనే మానసిక వైద్యుడు పది మంది తాగుడు అలవాటున్నవారికి నాలుగు గంటల పాటు విస్కీ పోయించి, మూత పెట్టిన పెనం చేతబట్టుకుని వచ్చి, ఆకలిగా ఉందా అని అడిగి మూత తీసి చూపించాడు; పెనంలో మూడు చచ్చిన ఎలుకలు ఉన్నాయి. రెండు నిమిషాల తర్వాత అడిగితే అందరూ చెప్పగలిగారు. అరగంట తర్వాత అడిగితే సగం మందికి ఎలుకలూ గుర్తులేవు, పెనమూ గుర్తులేదు, మర్నాడు కూడా గుర్తురాలేదు. ఆ కొద్ది గంటలు వారు మోలిసన్ స్థితిలో ఉన్నారన్నమాట. ఇది ముదిరిన తాగుబోతులకే జరుగుతుందన్న నమ్మకం చాలాకాలం నిలిచింది. 2002లో డ్యూక్ విశ్వవిద్యాలయం విద్యార్థుల సర్వే వెలువడ్డాక అది నిలబడలేదు. ఎప్పుడో ఒకప్పుడు మద్యం ముట్టిన విద్యార్థుల్లో 51 శాతం మంది కనీసం ఒకసారి బ్లాకవుట్ అనుభవించామన్నారు; తాము బండి నడిపిన సంగతీ, వస్తువులు పగలగొట్టిన సంగతీ తర్వాత ఎవరో చెబితే తెలిసినవారూ వారిలో ఉన్నారు. ఇక్కడ మొత్తం ఎంత తాగారన్నది ఎంత ముఖ్యమో, రక్తంలో ఆల్కహాలు ఎంత వేగంగా పెరిగిందన్నదీ అంతే ముఖ్యం. ఖాళీ కడుపు, ‘బాటమ్స్ అప్’ పందేలు ఈ వేగాన్నే పెంచుతాయి.

అదే డ్యూక్‌లో స్కాట్ స్వార్ట్స్‌వెల్డర్ బృందం 1990లలో ఎలుకల హిప్పోక్యాంపస్ పలుచటి ముక్కలను ఆల్కహాలు ద్రావణంలో ఉంచి పరిశీలించినప్పుడు, లేత వయసు ఎలుకల్లో దీర్ఘకాలిక బలవర్ధనం పెద్ద ఎలుకల కంటే తక్కువ మోతాదుకే కుంటుపడింది. బింగ్‌హామ్‌టన్‌లో లిండా స్పియర్ చేసిన ప్రయోగాలు రెండో పార్శ్వాన్ని చూపాయి: కౌమార వయసు ఎలుకలు పెద్దవాటికంటే నిద్రమత్తుకు తక్కువ లొంగాయి, తక్కువ తూలాయి. తూలుడూ నిద్రా మనిషిని గ్లాసు పక్కన పెట్టించే సహజమైన పగ్గాలు. ఆ పగ్గాలు ఇంకా బిగియని వయసులో, ముద్ర పడే యంత్రం మాత్రం సున్నితంగా ఉన్న వయసులో, కుర్రవాడు మరో పెగ్గు పోసుకుంటాడు, చుట్టూ ఉన్నవారు ‘కెపాసిటీ’ అని మెచ్చుకుంటారు. మంచి చెడ్డలు బేరీజు వేసే మెదడు ముందరి భాగం ఇరవైల నడిమి దాకా రూపు దిద్దుకుంటూనే ఉంటుంది గనుక, ‘ఇక చాలు’ అన్న మాట లోపలినుంచి రావడమూ కష్టమే.

ఒక రాత్రి పోగొట్టుకున్న జ్ఞాపకం సంగతి అలా ఉంచితే, తాగని రోజుల్లో కూడా లోపం మిగులుతుందా అన్నది మరింత చిక్కు ప్రశ్న. 2000లో శాన్‌డియేగోలో శాండ్రా బ్రౌన్ బృందం మద్యానికి బానిసలైన 15, 16 ఏళ్ల పిల్లలను మూడు వారాలు మద్యానికి దూరంగా ఉంచిన తర్వాత పరీక్షించగా, నేర్చుకున్నదానిలో వారు నిలుపుకున్నది తోటివారి కంటే సుమారు 10 శాతం తక్కువగా తేలింది. స్పెయిన్‌లోని శాంతియాగో విశ్వవిద్యాలయంలో 18 నుంచి 20 ఏళ్ల విద్యార్థులు 122 మందిపై 2011లో ప్రచురితమైన అధ్యయనం మనకు ఇంకా దగ్గరిది, ఎందుకంటే వారు బానిసలు కారు, వారాంతాల్లో వీధుల్లో గుమికూడి తాగే మామూలు కుర్రకారు. విన్న కథను తిరిగి చెప్పడంలో, పదాల జాబితాను గుర్తుపెట్టుకోవడంలో వారు తాగని తోటివారి కంటే వెనుకబడ్డారు. అయితే ముందే లోపం ఉన్నవారు తాగుడుకు మొగ్గారా, తాగుడు వల్ల లోపం వచ్చిందా అన్న సందేహాన్ని ఇటువంటి అధ్యయనాలు తీర్చలేవు. ఆ సందేహం జంతువుల దగ్గర కొంత తీరింది: కౌమార వయసు కోతులకు రోజుకో గంట చొప్పున 11 నెలలు మద్యం అందుబాటులో ఉంచి, మానేసిన రెండు నెలల తర్వాత చూసినా, హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాల పుట్టుక తగ్గిపోయే ఉందని 2010లో ప్రచురించారు. ఉత్తర కరొలినాలో ఫుల్టన్ క్రూస్ బృందం ఎలుకల్లో ఇటువంటి నష్టాన్నే చూసింది, చక్రంలో పరుగెత్తించిన ఎలుకల్లో అది చాలావరకు సర్దుకోవడమూ చూసింది. ‘తాగితే మెదడు కణాలు చచ్చిపోతాయి’ అని పోస్టర్ల మీద రాసేవారు ఈ రెండో సంగతిని చెప్పరు. బెదిరింపు అబద్ధమని తేలిన రోజున పిల్లలు నిజాన్ని కూడా నమ్మరన్నది వారికి తట్టినట్టు లేదు.

మాట నాటాలంటే అది వినేవారి నిజం కావాలి. 1992లో దూబగుంట ఆడవాళ్ల నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఇంటికి చేరని కూలి డబ్బు గురించి, దెబ్బల గురించి మాట్లాడింది; అవి ఆ ఆడవాళ్ల కళ్లముందున్న నిజాలు గనుక ఆ మాటలకు బలం వచ్చింది. నేటి కాలేజీ సభల్లో వక్తలు కాలేయం గురించి మాట్లాడతారు, అది పదిహేడేళ్లవాడికి మరో లోకపు సంగతి. ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) కోసం రెండేళ్లు సూత్రాలు బట్టీ పట్టిన పిల్లవాడికి నిత్యావసరం జ్ఞాపకశక్తి. పగలు చదివినది రాత్రి నిద్రలో స్థిరపడుతుందనీ, మద్యం త్వరగా నిద్ర పట్టించినా రాత్రి రెండో సగంలో ఆ నిద్రను ముక్కలు చేస్తుందనీ అతడికి చెప్పేవారు అరుదు.

ఖాళీ అయిన ఆ గంటలు మర్నాడు ఖాళీగా ఉండవు. బ్లాకవుట్ నుంచి తేరుకున్నవారు ఏం జరిగిందో తెలుసుకోవడానికి ముందుగా స్నేహితులనే ఆశ్రయిస్తారనీ, వారు చెప్పినది తప్పయినా కొంతకాలానికి తమ సొంత జ్ఞాపకంగానే స్థిరపడవచ్చుననీ మనస్తత్వ శాస్త్రజ్ఞులు గమనించారు. హాస్టల్ గదిలో ఆ పని తెల్లవారి పది గంటలకు మొదలవుతుంది: ఒకడు ఫోన్ గ్యాలరీ తెరిచి ఫొటోలు జరుపుతాడు, మరొకడు అభినయిస్తాడు, అసలు మనిషి ‘నిజంగానా’ అంటూ నవ్వుతాడు, కథ చెప్పే పెద్దరికం మాత్రం ఎక్కువగా ‘కెపాసిటీ’ ఉన్నవాడిదే, రాత్రి అందరికంటే రెండు పెగ్గులు ఎక్కువ వేసినవాడిదే.