మట్టి గోడకి సిమెంటు పూయకండి

అన్నలూ తమ్ముళ్లూ, కాఫీ డబ్బులు చేతికొచ్చాయి. ముందు గోడకి సిమెంటు, పుట్టీ, రంగులు వేయిస్తే పాత ఇల్లు కొత్తగా కనిపిస్తుందని మన అరకులో చాలామంది అనుకుంటున్నారు. నేనూ అలాగే చేశాను. రెండు వానాకాలాలు దాటేసరికి పెచ్చులూడాయి. చూస్తే లోపల మట్టి మెత్తబడిపోయింది.

మట్టి గోడ తడి పీల్చుకుంటుంది, మళ్లీ గాలికి వదిలేస్తుంది. సిమెంటు పూస్తే ఆ తడి బయటికి పోలేక లోపలే గోడని తినేస్తుంది.

అందంగా ఉండాలనుకోవడం తప్పు కాదు. చూరు ఇంకాస్త బయటికి దించండి. గోడ పక్కన నీరు నిలవకుండా కాలవ తీయండి. గోడకి ఎర్రమట్టో సున్నమో పూసి, తలుపులు, కిటికీలకి మంచి రంగు వేయించండి.

ఏటా అలకలేక ఆడవాళ్లే సిమెంటు అడుగుతున్నారంటారా? నిజమే. అయితే ఈసారి మట్టి మనం తొక్కుదాం, మనమూ అలుకుదాం.