మడ బురదను తవ్వనివ్వకండి

రేపల్లె, నిజాంపట్నం, అడవులదీవి, లంకెవానిదిబ్బ వైపు ఉన్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక మాట. మడ అడవిలో పొక్లెయిన్ దిగుతోందని తెలిస్తే చూస్తూ ఊరుకోకండి. చెట్టు కొట్టేస్తే మళ్లీ నాటుకోవచ్చు. ఆ చెట్టు కింది నల్లబురదను తోడి గట్టు మీద పోశాక దాన్ని తిరిగి తేవడం ఎవరి వల్లా కాదు.

బురదే కదా అని తీసిపారేయకండి. గాలి సోకని ఆ అడుగున ఆకులు, వేళ్లు పూర్తిగా కుళ్లిపోకుండా తరతరాలుగా పేరుకుంటూ వచ్చాయి. చలి దేశాల చిత్తడి నేలల్లో ఇలా పేరుకున్నదాన్నే పీట్ అంటారు. మనకు పొరుగున నీలగిరుల్లోనూ పీట్ ఉంది. రామన్ సుకుమార్, ఆయన సహ శాస్త్రవేత్తలు ఆ పీట్‌లోని కార్బన్‌ను పరీక్షించి, సుమారు 20,000 ఏళ్లలో దక్షిణాది వాతావరణం ఎలా మారుతూ వచ్చిందో 1993లో బయటపెట్టారు. మన కృష్ణా డెల్టాలో ఆ పీట్ చేసే పనిని చాలావరకు మడ బురద చేస్తోంది.

ఆ బురద పాతకాలపు కరణం రాసిన లెక్కల పుస్తకం లాంటిది. అడుగున పాత పద్దు, పైన కొత్త పద్దు. చిత్తడి అడుగున, గాలి ఆడని చోట, ఆర్కియా అనే సూక్ష్మజీవులు మీథేన్ వాయువును పుట్టిస్తాయి. పైపొరల్లో ఆ మీథేన్‌నే తిని బతికే బాక్టీరియా ఉంటుంది. ఈ రెండు రకాల జీవులూ చచ్చినా వాటి కణపొరల్లోని కొవ్వులు మాత్రం వేల ఏళ్లు నిలుస్తాయి. ఆర్కియా వదిలే కొవ్వుల్లో ఆర్కియాల్ ఒకటి. బాక్టీరియా వదిలేవి హోపనాయిడ్లు. చిత్తడిలో పుట్టే మీథేన్‌లోని కార్బన్ మామూలుకన్నా తేలికైనది కాబట్టి, దాన్ని తిన్న బాక్టీరియా కొవ్వులోనూ ఆ తేలికదనం కనిపిస్తుంది. ఏ పొరలో హోపనాయిడ్ల కార్బన్ మరీ తేలికగా ఉందో, ఆ కాలంలో అక్కడ మీథేన్ జోరు ఎక్కువని అర్థం.

దీన్నిబట్టి తేలిన సంగతి వింటే భయం వేస్తుంది. ఇంగ్లండ్‌లోని కోబమ్ దగ్గర, ఒకప్పటి పీట్ గట్టిపడి ఏర్పడిన లిగ్నైట్ పొరలున్నాయి. బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ పాన్‌కాస్ట్ బృందం వాటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించింది. సుమారు 5 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట భూమి వేగంగా వేడెక్కినప్పుడు అక్కడి హోపనాయిడ్ల కార్బన్ ఒక్కసారిగా తేలికైంది. అంటే వేడి పెరిగేసరికి చిత్తడి నేలలో మీథేన్ కూడా రేగింది. మీథేన్ పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. నూరేళ్ల లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కలో 80 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. మన పిల్లలు ఎదిగే ఇరవై ఏళ్ల గురించే నా బెంగ.

ఇక్కడ సముద్రం మనకొక మేలు చేస్తోంది. పోటు నీటితో వచ్చే సల్ఫేటు వల్ల వేరే రకం బాక్టీరియాది పైచేయి అవుతుంది, మీథేన్ పుట్టించే జీవులు వెనకబడతాయి. అందుకే ఉప్పునీరు బాగా ఆడే మడ అడవి నుంచి మీథేన్ తక్కువగా వస్తుంది. రొయ్యల చెరువు కోసం గట్టు వేసి ఆటుపోట్లు ఆపేశామా, ఆ కట్టడి పోతుంది. నీళ్లలో ఉప్పదనం తగ్గుతుంది, మిగిలిన మేత, రొయ్యల విసర్జన అడుగున చేరి కుళ్లుతాయి. ఒకప్పుడు కార్బన్‌ను దాచిన నేలే వాయువును కక్కడం మొదలుపెడుతుంది.

రొయ్యల రైతులు నా మీద కోపగించుకోవద్దు. మీ పెట్టుబడి గురించి కూడా చెబుతున్నాను. మడ బురద ముద్దను చేత్తో విరిచి చూడండి. లోపల నీలి నలుపు, సన్నటి వేళ్ల పీచు, కుళ్లిన గుడ్డు వాసన. గాలి తగిలేకొద్దీ ఆ నలుపు చెదిరి బూడిద రంగుకు, గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆ నలుపులో ఇనుము, గంధకం కలిసిన ఖనిజాలుంటాయి. గాలి తగిలితే వాటి నుంచి గంధకామ్లం పుడుతుంది. అలాంటి మట్టితో గట్టు వేస్తే ప్రతి వానకీ ఆమ్లం చెరువులోకి దిగుతుంది. గట్టు మీద లేత పసుపు మచ్చలు, అంచున తుప్పు రంగు నీళ్లు, వాన పడ్డ మర్నాడే పీహెచ్ పడిపోవడం, ఎంత సున్నం చల్లినా నిలవకపోవడం... వీటిలో ఏది కనిపించినా ఆ నేల మీతో పోరాడుతోందని గుర్తించండి. ప్రపంచంలో మడ నరికి తవ్విన చెరువులు ఎన్నో ఇలాగే కొన్నేళ్లకు పాడుబడ్డాయి. చెరువూ మిగల్లేదు, అడవీ మిగల్లేదు.

పూడిక తీసే కూలీలకు మరీ మరీ చెబుతున్నాను. మీథేన్‌కు వాసన ఉండదు. గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అది ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసన తెలియడం మానేస్తుంది, అంతలోనే మనిషి పడిపోతాడు. మూత వేసి ఉంచిన సంపులోకి, తూములోకి, పాత బావిలోకి ఒంటరిగా దిగకండి. పడిపోయినవాడి కోసం వెంటనే మరొకరు దూకకండి. అలా దూకి ప్రాణాలు పోయిన ఇళ్లు మన రాష్ట్రంలో తక్కువ లేవు.

వరి రైతులకు ఒక్క మాట. నీళ్లు నిలిచిన మడి కూడా మీథేన్ పుట్టిస్తుంది. వీలున్నచోట ఆరుతడి పెడితే వాయువు బాగా తగ్గుతుంది, కాలువ నీళ్లూ మిగులుతాయి.

1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసినవాళ్లు రేపల్లె, దివిసీమ ఊళ్లలో ఇంకా ఉన్నారు. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలల దెబ్బను ముందు కాసుకునేది మడ చెట్లే. వాటి కాళ్లను పట్టి నిలిపేది ఈ బురదే. ఎగువన ఆనకట్టలు పడ్డాక కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు బాగా తగ్గిపోయింది. పోగొట్టుకున్న నేలను నది మళ్లీ తెచ్చి పోస్తుందన్న ధైర్యం ఇప్పుడు లేదు.

బాపట్ల వ్యవసాయ కళాశాల, ఆంధ్ర విశ్వవిద్యాలయం పెద్దలకు నా విన్నపం. నిజాంపట్నం మడలో గొట్టాలు దించి బురద పొరలను వరుస చెదరకుండా తీయండి. చల్లగా భద్రపరచండి. ఆ కొవ్వుల లెక్క చూడండి. ఒకసారి పొక్లెయిన్ కలగాపులగం చేసిన మట్టి నుంచి ఏ యంత్రమూ ఏ కాలపు సంగతీ చెప్పలేదు.

తీర నియంత్రణ నిబంధనల ప్రకారం మడ అడవులు సీఆర్‌జెడ్ 1ఏ కిందికి వస్తాయి. అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న నేల. చట్టం ఉన్నా, రాత్రిపూట తవ్వే యంత్రాన్ని ముందు చూసేది ఊరివాళ్లే. మడలో కొత్త గట్టు లేచినా, పోటు కాలువకు అడ్డం పడినా, నల్లమట్టి ట్రాక్టర్లు రోడ్డెక్కినా తారీఖు రాసి పెట్టుకోండి, ఫోటో తీయండి. అటవీ శాఖ రేంజి ఆఫీసుకు, తహసీల్దారుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. ఒక్కరే వెళ్లడానికి జంకితే పదిమంది కలిసి వెళ్లండి. తవ్వకం మొదలైన రోజే వెళ్లండి.