నక్షత్రం చెరిపేస్తే ధర దిగుతుంది!

కొత్తలో అరకోటి పలికిన కారు. పది పన్నెండేళ్లు తిరిగాక ఏడెనిమిది లక్షలు పెడితే ఇంటి ముందుకొచ్చి నిలబడుతుంది. కొత్త మారుతి ధరకి బెంజి కారు! ఆశ పుట్టదా మరి? ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల ముందో, పులివెందుల రింగు రోడ్డు మీదో, జమ్మలమడుగులో పెళ్లి మండపం బయటో కనిపించే ఖరీదైన కార్లలో షోరూము నుంచి నేరుగా వచ్చినవి కొన్నయితే, చేతులు మారి వచ్చినవి మరికొన్ని. పక్కనే ఉన్న బెంగళూరు ఇలాంటి కార్లకు పెద్ద సంత. ఢిల్లీ కూడా ఓ చేయి వేసింది. పదేళ్లు దాటిన డీజిలు కార్లు అక్కడ తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. ఆ తర్వాత ఆంక్షలు కొంత మారినా, ఈలోపు ఎన్నో మంచి కార్లు ఎన్‌ఓసీ పట్టుకుని చవగ్గా పక్క రాష్ట్రాల దారి పట్టాయి.

అక్కడిదాకా బాగానే ఉంటుంది. అసలు కథ ఆ తర్వాతే మొదలవుతుంది. కారు ధర పాతబడుతుంది గానీ దాని విడిభాగం ధర పాతబడదు! ఏడు లక్షల కారైనా సరే, అరకోటి కారుకి వేసే సామానే దానికీ వేయాలి. ఈ సంగతి యజమానికి తెలిసొచ్చేది చాలాసార్లు స్టీరింగు దగ్గరే.

ఎందుకంటే దారులు అలాంటివి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాపరాళ్ల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. ముద్దనూరు వైపు థర్మల్ కేంద్రం. బండల లారీలు, సిమెంటు లారీలు, బూడిద ట్యాంకర్లు రాత్రీపగలూ తిరిగే రోడ్డులో గుంట పడకుండా ఎన్నాళ్లుంటుంది? నున్నటి రోడ్ల కోసం తయారైన కారు, వెడల్పాటి టైర్లు వేసుకుని ఆ గుంటల్లో దిగుతుంది. పైగా పిండిలాంటి రాతి దుమ్ము. కొన్నాళ్లకు స్టీరింగులో 'టక్ టక్'మని చప్పుడు. అరచేయి వెడల్పు తిప్పినా చక్రం కదలదు. ముందు టైరు లోపలి అంచు బోడిగుండులా అరిగిపోతుంది. షెడ్డుకి తీసుకెళితే బండి ఎత్తి చూసి, "ర్యాక్ పోయింది న్నా... మొత్తం మార్చాల" అంటారు. ధర కనుక్కుంటే గుండె జారుతుంది. కంపెనీ వర్క్‌షాపులో కొత్త ర్యాకు లక్ష దాటుతుంది. కొన్ని మోడళ్లకు రెండు, మూడు లక్షలు కూడా!

ఆగండి. నిజంగా ర్యాకే పోయిందా?

స్టీరింగు చక్రానికీ రోడ్డు మీది చక్రానికీ మధ్య చాలా ముక్కలుంటాయి. స్టీరింగు కడ్డీ చివర ఉన్న పళ్లచక్రం, ర్యాకు అనే పళ్ల కడ్డీని అటూ ఇటూ జరుపుతుంది. ఆ కడ్డీ రెండు కొసల్లో టై రాడ్లు. వాటి చివర 'ఎండ్లు'. మన భుజంలో ఎముక గుండు గిన్నెలో తిరిగినట్టు, ఎండులో ఉక్కు గోళీ గ్రీజు మధ్య తిరుగుతుంది. దానికి రక్షణగా పైన ఓ రబ్బరు తొడుగు. ఆ తొడుగు చిరిగితే దుమ్ము లోపలికెళుతుంది, గ్రీజు ఎండిపోతుంది, గోళీ వదులవుతుంది. మొదట పోయేది ఈ గోళీలే. ర్యాకు కాదు. ఎండు ధర వేలల్లో ఉంటే ర్యాకు ధర లక్షల్లో. ఎండు పోయిన కారుకి ర్యాకు మార్చడమంటే... చెప్పు తెగితే కాలు మార్చినట్టు!

తేల్చుకోవడం కష్టమేమీ కాదు. ముందు చక్రాన్ని జాకీతో నేల నుంచి ఎత్తి, కింద స్టాండు పెట్టి, గడియారంలో తొమ్మిది, మూడు ఉండేచోట రెండు చేతులా పట్టుకుని ఊపాలి. వదులుగా ఊగితే టై రాడ్డునో, ఎండునో అనుమానించాలి. పన్నెండు, ఆరు దగ్గర పట్టుకుంటే ఊగిందా, అది సస్పెన్షన్ బాల్‌జాయింటో, బేరింగో. ఇంకో మనిషి స్టీరింగును కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఏ కీలు ఆలస్యంగా కదులుతుందో కళ్లతోనే కనిపెట్టవచ్చు. ర్యాకు రెండు కొసల్లో ముడతల తొడుగుంటుంది. దాన్ని నొక్కితే లోపల నూనె పేరుకుని ఉందనుకోండి, అప్పుడు మాత్రం ర్యాకు సీళ్లు పోయినట్టే. అందులోనూ కడ్డీ మీద తుప్పు, గీతలు లేకపోతే సీలు కిట్టుతో బాగుచేసే పనివాళ్లు నగరాల్లో ఉన్నారు.

పాత బెంజి కార్లయితే ఇంకా నయం. 1995లో పుణెలో మొదట తయారైన డబ్ల్యూ124 మోడల్లో అసలు ర్యాకే లేదు. స్టీరింగు బాక్సు, మధ్య లింకు, రెండు టై రాడ్లు, ఐడ్లర్ బుష్షు, డ్యాంపరు... అన్నీ విడివిడి. ఏది పోతే అది మార్చుకోవచ్చు. షెడ్డులో లారీల పని నేర్చుకున్న చేతులకు ఆ కారు అర్థమైనంత బాగా కొత్త కార్లు అర్థం కావు.

సరే, ఎండే పోయిందని తేలింది. కొనేదెక్కడ?

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఖరీదైన కార్ల కంపెనీలు ఈ ముక్కల్లో చాలావాటిని సొంతంగా తయారుచేయవు. జర్మనీ కార్లకు స్టీరింగు, సస్పెన్షన్ కీళ్లు చేసిచ్చే పేర్లలో లెమ్‌ఫర్డర్ పెద్దది. అది జడ్‌ఎఫ్ గ్రూపులోది. జెప్పెలిన్ ఎయిర్‌షిప్‌లకు గేర్లు చేయడానికి 1915లో పుట్టిన కంపెనీ జడ్‌ఎఫ్! స్టీరింగులకు పేరున్న టీఆర్‌డబ్ల్యూను కూడా 2015లో అదే కొనేసింది. ఒకే ఫ్యాక్టరీలో ఒకే అచ్చులో పోసిన ఎండు, కారు కంపెనీ డబ్బాలో వెళితే ఒక ధర, తయారీదారు సొంత డబ్బాలో వెళితే ఇంకో ధర. అచ్చులో పడిన కారు కంపెనీ గుర్తును గ్రైండరుతో గీకేసి సొంత డబ్బాలో పెట్టి అమ్మడమూ ఈ వ్యాపారంలో ఉన్నదే. డబ్బా విప్పితే ముక్క మీద గీకిన మచ్చ కనిపిస్తుంది. అది చూసి నకిలీ అనుకుని తిరిగిచ్చేవాళ్లూ ఉంటారు. పాపం, సరైన ముక్కే చేతికొచ్చిందని తెలియక!

ఈ రెండూ కాక మూడో తరగతి ఉంది. జర్మనీకే చెందిన ఫెబీ, మైలే లాంటివి పాత కార్లకు సరిపోయే ముక్కల్ని తమ పేరుతో అమ్ముతాయి. మైలే సంస్థ 'హెచ్‌డీ' పేరుతో అసలుదానికన్నా గట్టిగా చేసిన కీళ్లను నాలుగేళ్ల గ్యారంటీతో తెచ్చింది. గుంటల దారికి అలాంటిది మేలే. కాకపోతే ఆ గ్యారంటీకి ఇక్కడి దుకాణం పూచీ పడుతుందో లేదో ముందే అడిగి, బిల్లు తీసుకోవాలి.

దుకాణానికి ఫోన్ చేసి "బెంజి ఎండు ఉందా?" అంటే లాభం లేదు. అడగాల్సింది నంబరు. ఆర్‌సీలో పదిహేడు అక్షరాలు, అంకెల ఛాసిస్ నంబరుంటుంది. దాన్నిబట్టి ముక్క నంబరు తేలుతుంది. ఒకే పేరున్న కారులోనే ఒక ఏడాదికీ మరుసటి ఏడాదికీ ఎండు మారిపోతుంది మరి. బీఎండబ్ల్యూ ముక్కకి పదకొండు అంకెల నంబరు, మొదటి రెండు 32 అయితే అది స్టీరింగు సామాను. బెంజి నంబరు 'ఎ' అక్షరంతో మొదలవుతుంది, తర్వాతి మూడంకెలు చాలావరకు ఏ మోడలు కోసం పుట్టిందో చెబుతాయి. పాత ముక్క విప్పాక తుడిచి చూస్తే దాని మీదే నంబరు దొరకవచ్చు. అందుకే విప్పగానే తుక్కులో పారేయనివ్వకూడదు.

నంబరుతో వెతికితే ఇంకో లాభం. మొదటి తరం స్కోడా సూపర్బ్ కారును ఫోక్స్‌వ్యాగన్ పస్సాట్ పునాది మీదే, కాస్త పొడవు పెంచి కట్టారు. ఆ పస్సాట్‌కీ, ఆనాటి ఆడీలకీ ముందు భాగంలో చాలా సామాను ఉమ్మడి. ఆడీకి దొరకనిది స్కోడా పేరుతో దొరకవచ్చు, అదీ తక్కువకి.

కొనే చోటు విషయానికొస్తే బెంగళూరు జేసీ రోడ్డు, చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డు, హైదరాబాద్ రాణిగంజ్, ఢిల్లీ కశ్మీరీ గేట్... కొత్త సామానుకు పేరున్న బజార్లు ఇవి. విజయవాడ ఆటోనగర్ మహా పెద్దదే అయినా అక్కడ లారీలదే రాజ్యం. నంబరు చెప్పి, ఫొటో పంపించి, డబ్బు కడితే బస్సు పార్సిల్లోనో కొరియర్లోనో జమ్మలమడుగు చేరుతుంది. ఒకే నంబరును మూడు దుకాణాల్లో అడిగితే మూడు ధరలు వినిపిస్తాయి. మరీ తక్కువ చెప్పిన చోట మాత్రం జాగ్రత్త. పేరున్న డబ్బాలకే నకిలీలు పుడతాయి కదా! అక్షరాలు అలుక్కుపోయిన ముద్ర, నంబరు లేని ముక్క, బిల్లివ్వనంటే ఇవ్వననే దుకాణం... వీటిలో ఏ ఒక్కటి ఎదురైనా వదిలేయడమే మంచిది.

పాత సామాను సంగతేమిటి? చెన్నై పుదుపేట, బెంగళూరు శివాజీనగర్, ఢిల్లీ మాయాపురి విప్పదీసిన కార్ల సామానుకు ప్రసిద్ధి. అద్దం, తలుపు, లైటు, సీటు నిక్షేపంగా తెచ్చుకోవచ్చు. ఎండు, టై రాడ్డు మాత్రం వద్దు. ప్రమాదంలో నుజ్జయిన కారులోంచి తీసిన రాడ్డుకి పైకి కనిపించని పగులుండవచ్చు. వదులైన ఎండును నొక్కి బిగించడం, వెల్డింగు పెట్టడం లాంటి ఉపాయాలు కూడా కొన్ని షెడ్లలో వినిపిస్తుంటాయి. రోడ్డు మీద ఆ కీలు ఊడితే చక్రం తన దారి తాను చూసుకుంటుంది. స్టీరింగు పట్టుకున్న మనిషి ఊరికే చూస్తూ కూర్చోవాలి. ఎదురుగా వచ్చేది బండల లారీ అయితే కారులోని నలుగురి గతేమిటి? డబ్బా మీది పేరు దగ్గర ఎంత బేరమైనా ఆడవచ్చు, ముక్క దగ్గర ఆడకూడదు.

కొత్త తరం కార్లతో మరో తంటా. వాటిలో నూనె పంపు బదులు మోటారు, కంప్యూటరు ర్యాకుకే అతికి ఉంటాయి. పాతది తెచ్చి బిగించినా కారు దాన్ని గుర్తుపట్టదు, కోడింగు చేయాలి. ఆ పరికరం కంపెనీ వర్క్‌షాపులోనో, నగరంలోని పెద్ద షెడ్డులోనో ఉంటుంది. చవగ్గా కారు కొనేముందే ఈ ఒక్క లెక్క వేసుకోవాలి.

ఇంతకీ తయారీదారు డబ్బా ఇంత చవకైతే అన్ని ఊళ్లలో ఎందుకు దొరకదు? సరిగ్గా ఇదే ప్రశ్న భారత పోటీ కమిషన్ ముందుకెళ్లింది. 2011లో ఒక వినియోగదారుడు మూడు కార్ల కంపెనీల మీద ఫిర్యాదు చేస్తే, విచారణ అక్కడితో ఆగక మిగతా కంపెనీలకూ పాకింది. విడిభాగాల్ని బయటి మెకానిక్‌లకు అందనీయడం లేదని, తయారీదారులు నేరుగా బజారులో అమ్ముకోకుండా కట్టడి చేస్తున్నారని కమిషన్ తేల్చింది. 2014 ఆగస్టు 25న 14 కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా వేసింది. వాటిలో మెర్సిడెస్, బీఎండబ్ల్యూ, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ ఉన్నాయి. మారుతి, టాటా, మహీంద్రా కూడా! విడిభాగాలు, పరీక్ష పరికరాలు బయటివాళ్లకూ దొరికేలా చూడాలని ఆదేశించింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచినప్పుడు వాహనాల్నీ అందులో చేర్చింది. ఇన్ని జరిగినా జమ్మలమడుగు షెడ్డుకి కోడింగు పరికరం ఇంకా దూరపు చుట్టమే.

ఒక ఊరట మాత్రం దక్కింది. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలన్నిటి మీదా జీఎస్‌టీ 18 శాతమే. అంతకుముందు చాలావాటికి 28 శాతముండేది. బీమా మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. అరుగుదలకు పాలసీ పైసా ఇవ్వదు.

ఎండు ఒకవైపు మార్చాక రెండో వైపుదీ చూపించుకోవాలి. అదీ అన్నే గుంటలు దిగింది కదా! విప్పేముందు పాత ఎండు ఎన్ని మరలు తిరిగి ఊడిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే మరలు బిగిస్తే అలైన్‌మెంటు చేయించే చోటికి కారు కాస్త తిన్నగా వెళుతుంది. అక్కడ కంప్యూటరు తెర మీద ముందూ తర్వాతా అంకెలు చూసి, ఆ కాగితం బిల్లుతోపాటు కారులోనే పెట్టుకుంటే రేపు కారు అమ్మేటప్పుడు కూడా పనికొస్తుంది.